సీటు దిగకుండా బ్లేడు వంచే ఏర్పాటు: చిన్న ట్రాక్టరుకు రెండు హైడ్రాలిక్ సిలిండర్లు

మా తాడిపత్రి, పుట్లూరు వైపు చీనీ తోటలకు వెళ్ళే రస్తాలు చాలావరకు గరుసు దారులే. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వానా పడేటప్పుడు మాత్రం దంచికొడుతుంది. సెప్టెంబరులో ఒక రాత్రి గట్టిగా కురిస్తే చాలు, చక్రాల గాడులే వంకలై పారతాయి. తెల్లారితే కాయ ఎత్తడానికి లారీ రావాలి, దారి చూస్తే అలా ఉంటుంది. ఈ పనికి పెద్ద యంత్రాలను పిలిపించడం అందరి వల్లా కాదు. 24 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు, వెనక అయిదడుగుల లెవలింగ్ బ్లేడు ఉంటే ఎవరి దారి వాళ్ళే బాగు చేసుకోవచ్చు.

నేను బండల ఫ్యాక్టరీల యంత్రాలకు సిలిండర్లు, పైపులు బాగు చేస్తూ బతికినవాణ్ణి. ఇప్పుడు తోట చూసుకుంటూ, అడిగినవాళ్ళకు దారులు చదును చేసి పెడుతున్నాను. నా బండికి పెట్టుకున్న ఏర్పాటు చూసి చాలామంది అడిగేది ఒకే మాట: "సిలిండరు ఎంత లావుది వేశావన్నా?" అడగాల్సింది అది కాదు. ఎంత నెమ్మదిగా కదులుతుందని అడగాలి. ఎందుకో చెబుతాను.

బ్లేడును రెండు రకాలుగా వంచాలి. టాప్ లింకును, అంటే బండి వెనక నడుమ పైన పనిముట్టును పట్టుకునే కడ్డీని, పొట్టి చేస్తే బ్లేడు పైభాగం ముందుకు వంగుతుంది, పొడవు చేస్తే వెనక్కి వాలుతుంది. కుడివైపు లిఫ్ట్ రాడ్డును, అంటే పనిముట్టు కింది కడ్డీని పైకెత్తి పట్టే నిలువు రాడ్డును, పొడవు చేస్తే బ్లేడు కుడి అంచు దిగుతుంది, పొట్టి చేస్తే లేస్తుంది. కంపెనీ ఇచ్చిన బండిలో మొదటిదానికి మధ్యలో ఉన్న మరను చేత్తో తిప్పాలి, రెండోదానికి పిడి తిప్పాలి. అంటే ప్రతిసారీ సీటు దిగాలి. దారి మధ్యలో ఇరవై గజాలకొకసారి ఎవరు దిగి తిప్పుతారు? ఎవరూ తిప్పరు. అందుకే మన దారులు ఒకే వంపుతో గీకి గీకి, నడుమ పల్లమై నీళ్ళు నిలుస్తుంటాయి.

ఈ రెండింటి బదులు నూనె ఒత్తిడితో సాగి ముడుచుకునే హైడ్రాలిక్ సిలిండర్లు పెడితే సీటులోంచే లివరుతో వంచవచ్చు. ఒకటే పెట్టుకునే స్తోమత ఉంటే కుడి లిఫ్ట్ రాడ్డు స్థానంలో పెట్టండి. చాలామంది ముందు టాప్ లింకు కొంటారు, అది బిగించడం సులువు కాబట్టి. కానీ దారికి వాలు ఇచ్చేది లిఫ్ట్ రాడ్డు చోట ఉండే ఈ పక్క సిలిండరే. పళ్ళున్న బాక్సు బ్లేడుతో గట్టి నేల తవ్వేవాళ్ళకు మాత్రం టాప్ లింకు ముందు అవసరం.

అంగుళానికి ఎంత వంపు

చిన్న ట్రాక్టర్లకు ఉండే కేటగిరీ 1 కొలతల లింకేజిలో (పనిముట్టును తగిలించే మూడు కడ్డీల అమరికలో) రెండు లోయర్ లింకుల, అంటే కింది కడ్డీల, చివర్ల మధ్య దూరం 683 మిల్లీమీటర్లు, సుమారు 27 అంగుళాలు. లిఫ్ట్ రాడ్డు లోయర్ లింకు చివర ఉండదు, మధ్యలో ఎక్కడో తగులుకుని ఉంటుంది. బండి వైపు నుంచి లింకు పొడవులో పదింట ఆరు వంతుల దగ్గర ఉందనుకోండి. రాడ్డు ఒక అంగుళం కదిలితే లింకు చివర అంగుళంన్నర పైచిలుకు కదులుతుంది. అదే అయిదడుగుల బ్లేడు అంచుల దగ్గరికి వచ్చేసరికి ఒక అంచుకూ మరో అంచుకూ తేడా మూడున్నర అంగుళాలు దాటుతుంది. మీ బండిలో రాడ్డు ఎక్కడ తగులుకుందో టేపు పెట్టి కొలిచి, ఇదే లెక్క వేసుకోండి.

గరుసు దారికి నూటికి నాలుగు వంతుల వాలు పెడితే నీళ్ళు నిలవవు. అయిదడుగుల బ్లేడుకు అది రెండున్నర అంగుళాలకు కాస్త తక్కువ. దానికి సిలిండరు కదలాల్సింది పదహారు, పదిహేడు మిల్లీమీటర్లు మాత్రమే.

ఇప్పుడు నూనె సంగతి చూడండి. పంపు నిమిషానికి 18 లీటర్లు తోస్తుందనుకుంటే సెకనుకు 300 మిల్లీలీటర్లు. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు ఉన్న సిలిండరు 150 మిల్లీమీటర్లు పూర్తిగా సాగడానికి పట్టే నూనె 295 మిల్లీలీటర్లు. ఒక్క సెకనులో మొత్తం సాగిపోతుంది. మనకు కావలసిన పదహారు మిల్లీమీటర్లు సెకనులో పదో వంతులో అయిపోతాయి. లివరు మీద చెయ్యి పడేలోపు బ్లేడు అంచు నేలలో దిగబడి ఉంటుంది. వేగానికి అదుపు లేకుండా పెట్టుకున్న సిలిండరు కంటే పాత పిడే నయం.

సిలిండర్లు ఎంచుకోవడం

లోపలి వ్యాసం 50, దాంట్లోంచి బయటికి సాగే మెరిసే రాడ్డు 30 మిల్లీమీటర్ల సిలిండర్లు రెండు చోట్లకూ సరిపోతాయి. 150 బార్ ఒత్తిడి దగ్గర తోసేటప్పుడు సుమారు 3000 కిలోలు, లాగేటప్పుడు 1900 కిలోల బలం వస్తుంది. పక్క సిలిండరు బరువును వేలాడదీసి పట్టుకుంటుంది కాబట్టి దానికి లాగే బలమే లెక్క. టాప్ లింకు సంగతి వేరు. బ్లేడు నేలను కోస్తున్నప్పుడు కింది అంచు వెనక్కి లాగబడుతుంది, పైభాగం ముందుకు తోస్తుంది, రాడ్డు నలుగుతుంది. సన్న రాడ్డు అయితే రాయి తగిలిన రోజున వంగుతుంది. బలం చాలదని ఇంకా లావు సిలిండరు వేస్తే నూనె ఎక్కువ పడుతుంది, చోటు ఉండదు, టైరుకు రాసుకుంటుంది.

పొడవు కొలిచే పద్ధతి: బండిని చదునైన చోట నిలపండి. తాడిపత్రి బండలు పరిచిన కళ్ళం ఉంటే అంతకంటే మంచి చోటు దొరకదు. బ్లేడును బండల మీద ఆనించి, రెండు అంచులూ సమానంగా తాకేలా పాత మరలు తిప్పండి. అప్పుడు పిన్ను నడిమి నుంచి పిన్ను నడిమి వరకు టాప్ లింకు ఎంతుందో, కుడి లిఫ్ట్ రాడ్డు ఎంతుందో కొలవండి. సిలిండరు సగం సాగినప్పుడు ఆ కొలత రావాలి. లిఫ్ట్ రాడ్డు 460 మిల్లీమీటర్లు ఉంటే, 100 మిల్లీమీటర్లు సాగే సిలిండరు ముడుచుకున్నప్పుడు 410, సాగినప్పుడు 510 ఉండాలి. టాప్ లింకుకు 150 మిల్లీమీటర్లు సాగేది చాలు.

రెండు చివర్లా బాల్ ఎండ్లే, అంటే ఎటైనా ఊగే గుండు కీళ్ళే, పెట్టించండి. లోయర్ లింకులు పక్కలకు ఊగుతాయి కాబట్టి గట్టి బుష్షు పెడితే ఆ ఊగుడంతా రాడ్డు మీద పడి సీలు తినేస్తుంది. కేటగిరీ 1 టాప్ లింకు పిన్ను 19 మిల్లీమీటర్లది. లిఫ్ట్ రాడ్డు పిన్నులు కంపెనీని బట్టి మారతాయి, పాత పిన్నులు వెంట తీసుకుని లేత్ షాపుకు వెళ్ళండి. బండి లిఫ్ట్ చేతులకు మాత్రం వెల్డింగు పెట్టించవద్దు. ఎక్కడైనా వెల్డింగు తప్పకపోతే బ్యాటరీ వైరు తీసేయండి, మెరిసే రాడ్డును తడిగుడ్డతో కప్పండి. ఒక్క నిప్పురవ్వ మచ్చ పడినా సీలు కోసుకుపోతుంది.

నూనె ఎక్కడి నుంచి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. టిప్పింగ్ ట్రాలీకి పెట్టే పైపు ఉంది కదా అంటారు. అది ఒకవైపే తోస్తుంది, తిరిగి రావడానికి ట్రాలీ బరువు ఉంటుంది. మన సిలిండర్లు రెండు వైపులా కదలాలి, ఒక్కోదానికి రెండు పైపులు కావాలి. కాబట్టి రెండు లివర్ల డబుల్ యాక్టింగ్ వాల్వు తప్పదు.

మీ బండి మోడలుకు కంపెనీ అదనపు వాల్వు కిట్టు అమ్ముతుంటే మారు మాట లేకుండా అదే కొనండి. వారంటీలో ఉన్న బండికైతే అది తప్ప వేరే దారి చూడకండి. కిట్టు లేకపోతేనే ఈ కింది పద్ధతి.

చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ భాగం గేరు పంపుతో నడిచే ఓపెన్ సెంటర్ పద్ధతివి. ఇంజను తిరుగుతున్నంతసేపూ నూనె పారుతూనే ఉంటుంది. కొత్త వాల్వును పంపుకూ లిఫ్టుకూ మధ్య పెట్టాలి. వాల్వుకు పంపు నుంచి వచ్చే దారి ఒకటి, ట్యాంకుకు పోయే దారి ఒకటి, లిఫ్టుకు పోయే దారి మరొకటి, ఇలా మూడు దారులు వేరువేరుగా ఉండాలి. ఈ మూడో దారినే పవర్ బియాండ్ అంటారు. దానికి లోపల ప్రత్యేకమైన స్లీవు ఉంటుంది, కొనేటప్పుడే అడిగి వేయించుకోవాలి. అది లేని వాల్వు తెచ్చి, ట్యాంకుకు పోవాల్సిన మూతిని లిఫ్టుకు కలిపితే మొదట బాగానే నడుస్తుంది. బరువున్న పనిముట్టును లిఫ్టు ఎత్తిన క్షణాన ఆ ఒత్తిడంతా వాల్వులో బలహీనమైన గది మీదకు తిరిగి వస్తుంది. సీళ్ళు పోవడం చిన్న నష్టం, పోత ఇనుప ఒళ్ళు పగలడం పెద్ద నష్టం.

ఇంకో సంగతి. వాల్వుకు సొంత రిలీఫ్ వాల్వు, అంటే ఒత్తిడి హద్దు దాటితే నూనెను ట్యాంకుకు వదిలేసేది, ఉండాలి. సిలిండరు చివరికంటా సాగి ఆగిపోయినప్పుడు నూనెకు పోయే చోటు ఉండదు. బండి రిలీఫ్ వాల్వు లిఫ్టు దగ్గర ఉంటే, కొత్త వాల్వు దాటి నూనె అక్కడికి చేరదు, పంపు బద్దలవుతుంది. దీన్ని బండి రిలీఫ్ కంటే కాస్త తక్కువకు, గేజీ పెట్టి మాత్రమే సరిచేయండి. చెవితో విని చేసే పని కాదిది.

మీ బండి పంపు ఎంత తోస్తుందో, రిలీఫ్ ఎంతకు తెరుచుకుంటుందో తెలియాలంటే మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే ట్రాక్టరు పరీక్షా నివేదికలు చూడండి. కంపెనీ కరపత్రం కంటే అందులో వివరం ఎక్కువ. మన గార్లదిన్నె దగ్గర ట్రాక్టర్ నగర్‌లో అలాంటి శిక్షణ, పరీక్షా సంస్థే ఉంది. హైడ్రాలిక్స్ అంటే బెదిరిపోయే కుర్రవాళ్ళను నేను అక్కడి శిక్షణకే పొమ్మంటాను.

పంపు లైను కదపడం ఇష్టం లేనివాళ్ళు బ్యాటరీతో నడిచే, సొంత పంపు ఉన్న 12 వోల్టుల పవర్ ప్యాకు పెట్టుకోవచ్చు. కాసేపు నొక్కి వదిలే పనికి అది చాలు. కానీ బ్యాటరీని పీల్చేస్తుంది, రోజంతా దారి పని చేసేవాళ్ళకు నేను చెప్పను.

వేగానికి కళ్ళెం

అదుపు రెండు రకాలుగా పెట్టవచ్చు. తిప్పి సరిచేసుకునే థ్రాటిల్ వాల్వు ఒకటి. అంతకంటే చవకది, సిలిండరు మూతిలో కూర్చునే చిన్న ఉక్కు బిళ్ళ, దాని నడుమ ఒక మిల్లీమీటరు రంధ్రం. ఆ రంధ్రం గుండా 150 బార్ దగ్గర నిమిషానికి అయిదారు లీటర్లకు మించి పోదు. పూర్తిగా సాగడానికి సెకను పట్టేది మూడు సెకన్లకు వస్తుంది. 0.8 మిల్లీమీటర్లకు తగ్గిస్తే అయిదు సెకన్లు. నాకు ఈ రెండోదే నచ్చింది. కాకపోతే అంత సన్న రంధ్రంలో చిన్న నలక కూడా ఇరుక్కుంటుంది, ఫిల్టరు శుభ్రంగా లేనివాళ్ళు ఒక మిల్లీమీటరుతోనే ఆగడం మేలు. పక్క సిలిండరుకు ఈ బిళ్ళ రాడ్డు వైపు మూతిలోనే ఉండాలి. బ్లేడు బరువు రాడ్డును కిందికి లాగుతుంటుంది కాబట్టి బయటికి పోయే నూనెను పట్టి ఉంచితేనే అంచు మెల్లగా దిగుతుంది.

మిగిలిన నూనె రిలీఫ్ మీదుగా పోయి వేడెక్కుతుంది. అందుకే లివరును తాకి వదలాలి, పట్టుకుని కూర్చోకూడదు.

తర్వాత లాక్ వాల్వు. లివరు నడిమిలో ఉన్నా స్పూలు (కంట్రోల్ వాల్వు లోపల జారే కడ్డీ) సందుల్లోంచి నూనె కొంచెం కొంచెంగా జారుతుంది, దారి చివరికి వచ్చేసరికి మీరు పెట్టిన వాలు మారిపోయి ఉంటుంది. డబుల్ పైలట్ చెక్ వాల్వు అనే ఈ లాకు పెడితే ఆ జారుడు ఆగుతుంది. క్రమం మరవకండి: సిలిండరు మూతిలో బిళ్ళ, దానికి ఆనుకుని లాక్ వాల్వు, ఆ తర్వాత హోసు. లాక్ వాల్వు తర్వాత ఇరుకు పెడితే వెనక ఒత్తిడి పేరుకుని లాకు టకటకమని కొట్టుకుంటుంది. లాక్ వాల్వు పెట్టేవాళ్ళు కంట్రోల్ వాల్వులో స్పూలు కూడా చూసుకోవాలి. నడిమిలో ఉన్నప్పుడు రెండు పైపులూ ట్యాంకుకు తెరుచుకునే మోటార్ స్పూలు కావాలి. రెండూ మూసుకునే మామూలు సిలిండర్ స్పూలైతే పైపులో ఒత్తిడి చిక్కుకుపోయి లాకు పూర్తిగా మూసుకోదు. దుకాణంలో ఈ మాట అడిగితే కొందరు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

పైపులు, బిగింపు

రెండు తీగల అల్లిక ఉన్న ఆర్2 రకం, పావు అంగుళం హోసులు చాలు. టాప్ లింకు సిలిండరు లావు భాగం బండి వైపుకూ, పక్క సిలిండరు లావు భాగం పైకీ ఉండేలా బిగిస్తే పైపులు తక్కువ కదులుతాయి. మూతులు టైరు వైపు కాకుండా లోపలికి తిప్పండి.

పైపు పొడవు బండి దగ్గరే తేల్చుకోవాలి. సిలిండర్లు బిగించి, పైపుల బదులు ఒక తాడు కట్టి చూడండి. లిఫ్టును పూర్తిగా ఎత్తి ఒకసారి, దించి ఒకసారి, టాప్ లింకు పూర్తిగా సాగదీసి ఒకసారి, ముడిచి ఒకసారి. తాడు ఎక్కడా బిగుసుకోకూడదు, టైరును తాకకూడదు, లిఫ్ట్ చేతుల సందున నలగకూడదు. ఆ తాడునే హోసులకు మూతులు బిగించే క్రింపింగ్ షాపుకు తీసుకెళ్ళండి. పైపులు కలిపే బీఎస్పీ రకం మరల దగ్గర తెల్ల టేపు చుట్టవద్దు, దాని ముక్కలే వెళ్ళి 0.8 రంధ్రంలో కూర్చుంటాయి. రబ్బరు అంచున్న డౌటీ వాషరు వేసి బిగించండి. కొత్త హోసుల్లో కోసినప్పటి రబ్బరు పొడి ఉంటుంది, గాలితో ఊది, నూనెతో కడిగి తర్వాతే కలపండి.

కొన్ని బండ్లలో లిఫ్ట్ రాడ్డు కింద రెండు రంధ్రాలుంటాయి, ఒకటి గుండ్రనిది, ఒకటి నిలువు చీలిక. పిన్ను గుండ్రటి దాంట్లోనే ఉండాలి. చీలికలో ఉంటే సిలిండరు కదిలినా బ్లేడు కదలదు, నూనె తక్కువైందని వెతుకుతూ కూర్చుంటారు. పక్క గొలుసులను కూడా ఒక అంగుళం వదులు చేయండి, ఒకవైపు దించినప్పుడు అవి బిర్రుగా లాగకూడదు.

మొదటిసారి నడపడం

బ్లేడు నేల మీద ఉంచి, ఇంజను నెమ్మది వేగంలో ఒక్కో లివరును మెల్లగా అటూ ఇటూ కదపండి. మొదట సిలిండరు కుదుపులతో కదులుతుంది, లోపలి గాలి పోయాక సాఫీ అవుతుంది. తర్వాత సిలిండర్లు ముడిచి, ఇంజను ఆపి, నూనె మట్టం చూడండి. చాలా బండ్లలో గేరుబాక్సుకూ హైడ్రాలిక్స్‌కూ ఒకటే నూనె, కంపెనీ చెప్పిన రకమే పోయండి.

కారుతోందేమోనని చేత్తో తడమకండి. 150 బార్ దగ్గర సూది మొనంత కన్నంలోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనిపిస్తుంది, నొప్పి కూడా వెంటనే ఉండదు, కానీ లోపల కండ కుళ్ళుతుంది. అట్టముక్క పెట్టి చూడండి. ఒకవేళ చేతికి తగిలితే పసుపు పెట్టుకుని పడుకోకుండా అదే గంటలో పెద్దాసుపత్రికి వెళ్ళి, హైడ్రాలిక్ నూనె గుచ్చుకుందని డాక్టరుకు చెప్పండి. పైపు విప్పాల్సి వస్తే పనిముట్టును నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లను రెండు వైపులా కదిపి ఒత్తిడి వదిలించాలి. లాక్ వాల్వు ఉన్న సిలిండరులో ఆ తర్వాత కూడా ఒత్తిడి మిగిలి ఉండవచ్చు, బరువు పూర్తిగా నేల మీద ఉందని చూసుకున్నాకే స్పానరు పట్టండి.

ఇప్పుడు గుర్తు పెట్టుకునే పని. ఆ బండల కళ్ళం మీదే బ్లేడును సమంగా ఆనించండి. సన్నని ఇనుప చువ్వ ఒకటి తీసుకుని రాడ్డు చివరి కన్ను దగ్గర క్లిప్పుతో బిగించండి, అది సిలిండరు ఒంటి వెంట పైకి సాగాలి. చువ్వ మొన ఎక్కడ ఆగిందో సిలిండరు మీద తెల్ల రంగుతో గీత గీయండి. అది సున్నా. దానికి అటూ ఇటూ పదహారు మిల్లీమీటర్ల దగ్గర ఎర్ర గీతలు. సీటులోంచి మెడ తిప్పితే కనిపించేంత లావుగా గీయండి. మెరిసే రాడ్డు మీద మాత్రం రంగు వేయకూడదు. నా బండికి ఈ చువ్వ లేకపోతే మిగిలిన సామాను ఉన్నా లేనట్టే.

దారి మీద

లిఫ్టు పొజిషన్ కంట్రోల్ మీద, అంటే పెట్టిన ఎత్తులోనే బ్లేడును ఉంచే లివరు మీద, ఉండాలి. డ్రాఫ్ట్ కంట్రోల్ మీద ఉంటే నేల గట్టిపడిన చోటల్లా బండి తనంతట తానే బ్లేడును లేపుతుంది, దారి అలలు అలలుగా తయారవుతుంది.

గట్టి గరుసు అయితే పళ్ళున్న బాక్సు బ్లేడుతో మొదటి సాలులో టాప్ లింకు ముడవండి. కేటగిరీ 1 కొలతల ప్రకారం అంగుళం తగ్గిస్తే పనిముట్టు మూడు డిగ్రీల వరకు ముందుకు వంగుతుంది, పళ్ళు దిగి నేలను లేపుతాయి. లేచిన మట్టిని పరిచేటప్పుడు టాప్ లింకు సాగదీయండి, అంచు కోయడం మాని రాసుకుంటూ పోతుంది. తర్వాత లెవలింగ్ బ్లేడుతో దారి ఎడమ పక్కన నడుస్తూ, ఎడమ అంచు పల్లంగా అంటే కుడి సిలిండరును ముడిచి ఎర్ర గీత దగ్గర ఉంచి, బ్లేడును కొంచెం ఏటవాలుగా తిప్పి, మట్టి దారి నడిమికి చేరేలా లాగండి. తిరుగు ప్రయాణంలో కూడా దారికి మీ ఎడమ పక్కనే నడుస్తారు కాబట్టి గీత మార్చే పని లేదు. రెండు సాళ్ళ మట్టి నడుమ కలిసి గట్టులా నిలుస్తుంది. చివరిగా సున్నా దగ్గర పెట్టి, నడుమ ఒక్కసారి తేలికగా తాకుతూ పోతే వీపు తేలిన దారి వస్తుంది. వాన పడిన మర్నాడో ఆ పై రోజో చేస్తే నేల బాగా మాట వింటుంది. ఎండిన గరుసు మీద చేస్తే దుమ్ము తప్ప ఏమీ రాదు.

చెట్ల దగ్గర డ్రిప్ పైపులు ఉన్నచోట పక్క వంపుతో వెళ్ళకండి. ఏటవాలు గట్టు మీద నడిచేటప్పుడు బ్లేడును నేలకు దగ్గరగానే ఉంచండి.

రోటవేటరు తగిలించే రోజున రెండు సిలిండర్లూ తీసి పాత మర లింకులు బిగించండి. ఇంజను బలంతో పనిముట్టును తిప్పే పీటీఓ షాఫ్టు తిరుగుతుండగా టాప్ లింకు ముడిస్తే షాఫ్టు కోణం మారి, కప్లింగు క్రాసు విరిగి ఎగిరే ప్రమాదం ఉంది. తీసిన సిలిండర్లను ముడిచి, పైపుల చివర్లకు టోపీలు పెట్టి, దుమ్ము పడని చోట వేలాడదీయండి. బాల్ ఎండ్లకు పని మొదలుపెట్టే ముందు గ్రీజు పెట్టండి, పని అయ్యాక రాడ్డు మీద అంటిన మట్టి ఎండకముందే తుడవండి. సీలు కిట్టు ఒకటి కొని ఇంట్లో ఉంచుకోండి, కొనేటప్పుడు 50 బై 30 అని కొలత చెప్పి అడగండి.